‘తిన్నవా అక్కా’ తర్వాతి ఖాళీ

పోయిన వారం హారిక ఫోన్ చేసింది. నేను రిటైరైన ఆఫీసులో, నా పాత సీట్లోనే ఇప్పుడు ఆ అమ్మాయి కూర్చుంటోంది. "మేడమ్, మన ఛానల్ ప్రోమోలో ‘తిన్నవా అక్కా’ అన్నాక ఒకటిన్నర సెకను ఏమీ వినపడట్లేదు. మళ్ళీ రీబ్రాండ్ వస్తోంది కదా, పాత ప్రోమోలన్నీ కుదించమంటున్నారు. అది పొరపాటేనా? కత్తిరించేద్దామా?" అంది.

"దాని జోలికి వెళ్ళకు తల్లీ, నేను రాసి పంపిస్తాను" అన్నాను. ఫోన్లో చెబితే మధ్యలో ఏడుపొస్తుందని భయం. అందుకని రాస్తున్నాను. హారికతో పాటు ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా చదువుకోవచ్చు. ప్రమోషన్లు, అవార్డులు, విమాన ప్రయాణాలు ఇందులో ఉండవు. వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

బోర్డులు రాసే కంపెనీ

మా అత్తగారు చివరిదాకా నేను బోర్డులు రాసే కంపెనీలో పనిచేస్తున్నాననే అనుకున్నారు. తప్పు నాదే. చేరిన కొత్తలో ఆవిడ "ఏం పనమ్మా మీది?" అని అడిగితే "ఛానల్ పేరు, రంగు మారుస్తాం అత్తయ్యా" అన్నాను. "దుకాణం బోర్డు మార్చినట్టా?" అన్నారు. వంటింట్లో పప్పు మాడుతోంది. "ఆ, అంతే" అనేసి పరిగెత్తాను.

ఒక రకంగా ఆవిడ చెప్పిందే కరెక్టు. వంటలు, ఇల్లు సర్దుకోవడం, ఊళ్ళు తిరగడం, ఒంటి సంగతులు చూపించే ఛానల్ మాది. చాలా దేశాల్లో, చాలా భాషల్లో వస్తుంది. ఐదారేళ్ళకోసారి విదేశంలో ఉన్న హెడ్డాఫీసుకు పాత రూపం మొహం మొత్తుతుంది. అప్పుడు పేరు, రంగు, సంగీతం, మాట్లాడే గొంతు అన్నీ ఒకే రోజు అన్ని దేశాల్లో మారిపోవాలి. దాన్నే రీబ్రాండ్ అంటారు. హెడ్డాఫీసును మేం ‘పైవాళ్ళు’ అనేవాళ్ళం. పైవాళ్ళు ఇంగ్లీషులో ఒక లావుపాటి పుస్తకం పంపుతారు. ఛానల్ ఎలా నవ్వాలో కూడా అందులో ఉంటుంది. ఆ పుస్తకంలోని మనిషిని తీసుకొచ్చి తెలుగింట్లో కూర్చోబెట్టడం నా పని. మన తెలుగు ఇక్కడితో ఆగదు కాబట్టి దుబాయ్‌లోనూ సింగపూర్‌లోనూ ఉన్నవాళ్ళ ఇళ్ళలోకి కూడా ఆ మనిషే వెళుతుంది.

మా ఆఫీసు ఫిల్మ్ నగర్‌లో ఎత్తు మీద ఉంది. పైన మేం, కింద డబ్బింగ్ థియేటర్. గేటు ముందు స్టూడియో వ్యాన్లు అడ్డంగా పెట్టేస్తారు, వాటిని తీయించి లోపలికి వెళ్ళేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ముప్ఫయ్యేళ్ళు అలాగే వెళ్ళాను.

నా మొదటి ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. ‘లైఫ్‌స్టైల్’ అన్న మాటకు నిఘంటువు చూసి ‘జీవనశైలి’ అని రాశాను. ‘మీ జీవనశైలి, మా బాధ్యత’ అని తెర నిండా వేశారు. మంచి తెలుగు రాశానని మురిసిపోయాను కూడా. తెల్లారేసరికి ఫోన్లు. షుగరు పరీక్ష ఉచితమా అని ఒకాయన, బీపీ మాత్రలు ఇంటికి పంపిస్తారా అని ఒకావిడ. మన పేపర్లలో జీవనశైలి అన్న మాట పక్కన ‘వ్యాధులు’ తప్ప ఇంకో మాట కనపడదని నాకు అప్పటిదాకా తట్టలేదు. వారం తిరక్కుండా ఆ ప్రోమో తీసేశారు.

మూర్తిగారి కుర్చీ

ఆ వారంలోనే మూర్తిగారు నన్ను పిలిచారు. ఆయన నా మొదటి బాసు. గట్టిగా తిట్టేవారు కాదు, అదే భయం. ఆయన బల్ల పక్కన ఎప్పుడూ ఒక చెక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు.

"శారదా, నీకు పిన్ని ఉందా?" అన్నారు.

"ఉందండీ, తెనాలిలో."

"ఆవిణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టు. ఇప్పుడు నీ ‘జీవనశైలి’ ఆవిడ మొహం చూసి చదువు."

చదవలేకపోయాను. మా పిన్ని మొహం తలుచుకుంటే ఆ మాట నోరు దాటి రాలేదు. "అదీ సంగతి" అన్నారాయన. "ఎవరితో చెబుతున్నావో ఆ మనిషి ఎదురుగా ఉంటే రాని మాట, మనిషి లేనప్పుడు కూడా రాయకూడదు. వెళ్ళి టీ తాగు."

ఆయన వెళ్ళిపోయాక ఆ కుర్చీ నేనే అడిగి తీసుకున్నాను. ప్రతి వాక్యం దానికి చదివి వినిపించేదాన్ని. కొత్తవాళ్ళు నాకు పిచ్చేమో అనుకునేవారు. ఆ కుర్చీవల్ల నేను చాలా తప్పులు తప్పించుకున్నాను. కానీ ఒక్కటి గమనించుకోలేదు. అన్నేళ్ళూ అందులో మా తెనాలి పిన్నే కూర్చుంది. ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు నేను.

సుగుణ

సుగుణ మా ఛానల్ గొంతు. మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు, వినే ఉంటారు. మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు ముప్ఫై అయిదు దాటాయి. రావలసిన ఆర్టిస్టు రాక, చిన్నచిన్న వేషాలకు డబ్బింగ్ చెప్పే మనిషి కింద థియేటర్లో ఉందంటే పిలిపించాం. మోతీనగర్ నుంచి బస్సులో వచ్చేది. మైకు ముందు నిలబడి "నమస్కారమండీ" అంది. సౌండ్ ఇంజనీరు ఖాదర్ భాయ్ హెడ్‌ఫోన్ సర్దుకుని నావైపు చూసి తలూపాడు. అంతే, ఆ రోజు నుంచి ఆమే. నా ఆఖరి రీబ్రాండ్ నాటికి పదకొండేళ్ళు.

మంచి గొంతు. చలికాలం పొద్దున్న టీ గ్లాసు చేతిలో పెట్టుకున్నట్టు వెచ్చగా ఉండేది. కానీ మొదటి నెలల్లో అక్కడక్కడ ఇంటి యాస జారేది. ‘చేశాడు’ దగ్గర ‘చేసిండు’ అనేది, ‘ఇలా’ దగ్గర ‘గిట్ల’. నేను ఎర్ర పెన్సిల్ పట్టుకుని కాగితం మీద గుండ్రాలు చుట్టేదాన్ని. ఒకసారి ఒకే పేజీలో మూడుసార్లు జారింది. టైము అయిపోతోంది, నాకు ఒళ్ళు మండింది. ఖాదర్ భాయ్ ముందే, "సుగుణా, ఇంట్లో మాట ఇంట్లోనే వదిలేసి రా అమ్మా. ఇది మైకు" అన్నాను.

ఆమె నవ్వింది. "సరే మేడమ్. ఇంకోసారి చెబుతానండీ" అంది. తర్వాత ఎప్పుడూ జారలేదు. మైకు ముందే కాదు, నాతో మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ‘అలాగేనండీ, వస్తానండీ’ అనేది. నేను నేర్పానని గర్వంగా ఉండేది నాకు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వానికి నా చెంప మీద నేనే ఒకటి వేసుకోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నం పూట ఆమెకు కూతురి దగ్గరనుంచి ఫోన్ వచ్చేది. మైకు ఆన్‌లోనే ఉండేది కాబట్టి ఇవతల గదిలో మాకు వినపడేది. "తిన్నవా బిడ్డా? ఏం కూర?" అంటూ మొదలుపెట్టేది. నేను మర్యాద కోసం నాబ్ తిప్పి సౌండ్ తగ్గించేసేదాన్ని. పదకొండేళ్ళు అలా తగ్గిస్తూనే వచ్చాను.

పుస్తకంలో ‘నువ్వు’

నేను రిటైరవడానికి ఏడాది ముందు ఆఖరి రీబ్రాండ్ వచ్చింది. ఈసారి పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఒక నియమం ఉంది. ఛానల్ ఇంట్లో మనిషిలా మాట్లాడాలి, అందుకని ప్రతి భాషలోనూ దగ్గరివాళ్ళను పిలిచే మాటే వాడాలి. మనకు ‘మీరు’ పనికిరాదు, ‘నువ్వు’ అనాలి.

వారంవారం అన్ని దేశాలవాళ్ళం కంప్యూటర్ల ముందు కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. పైవాళ్ళ తరఫున హెలెన్ అనే ఆవిడ నడిపేది. పద్ధతైన మనిషి, కానీ అన్న మాట మీద నిలబడిపోయేది. "మా దగ్గర పెద్దవాళ్ళను అలా అనరు" అని నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. కొలంబో ఆయన పోరాడు, కౌలాలంపూర్‌లో ఉన్న ఫరీదా పోరింది. "మినహాయింపులు మొదలైతే ఒక్క ఛానల్ అనిపించుకోదు. ఇంటి మనిషిలా మాట్లాడండి, అంతే" అంది హెలెన్.

దానితో పాటు ఇంకో మాట. ఉన్న గొంతులన్నీ మళ్ళీ పరీక్షకు నిలబడాలి. పేరు చెప్పకుండా నంబరు చెప్పి చదవాలి. తెలుగులో నలుగురు వచ్చారు. ముగ్గురు పాతికేళ్ళ పిల్లలు. నాలుగో నంబరు సుగుణ.

"మేడమ్, నాకు వేరే పని రాదండీ" అంది ఆ పొద్దున, మెట్ల మీద. మామూలుగానే అంది, నీళ్ళు తాగుతూ. "చిన్న వేషాలకు డబ్బింగ్ ఎప్పుడో మానేశాను కదా. ఈ ఛానల్ ఒక్కటే నా గొంతు." నేను "చూద్దాంలే" అన్నాను.

నేను రాసిన తెలుగు వినండి. ‘నువ్వు తిన్నావా? నువ్వు ఈ రోజు నీ కోసం ఏం చేసుకున్నావు?’ పుస్తకంలో ఉన్నదాన్ని ఉన్నట్టు దించాను. పిల్లలు ముగ్గురూ దాన్ని ఎఫ్ఎమ్ రేడియోలో కుర్రాణ్ణి ఏడిపిస్తున్నట్టు చదివారు. సుగుణ చదివితే లేడీ కానిస్టేబుల్ స్టేషన్లో కూర్చోబెట్టి అడుగుతున్నట్టు వచ్చింది. ఖాదర్ భాయ్ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాడు. మేమూ నవ్వాం. సుగుణ కూడా నవ్వింది.

ఆ నలుగురి టేపులూ బంజారా హిల్స్‌లో ఒక హోటల్ హాల్లో పదిమంది ఆడవాళ్ళకు వినిపించారు. రకరకాల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు. కొంగు భుజం మీదుగా కప్పుకున్న ఒక పెద్దావిడ, గోదావరి వైపు మనిషిలా ఉంది మాట, నాలుగో టేపు అయ్యాక లేచి, "ఈవిడెవరండీ నన్ను నువ్వు అనడానికి?" అంది. మిగతావాళ్ళు తలూపారు.

నా తప్పు

ఇక్కడ నేను చేసిన పని దాచుకోకుండా రాస్తాను. దీనికోసమే కూర్చున్నాను.

ఆ పెద్దావిడ సుగుణ గొంతును ఏమీ అనలేదు, మాటను అంది. నాకు తెలుసు. ఆ మాట రాసింది నేను. కానీ ‘నువ్వు’ గురించి హెలెన్‌తో అప్పటికే నాలుగు వారాలు వాదించి ఓడిపోయాను. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు. ఇంకో ఏడాదిలో వెళ్ళిపోయేదాన్ని, నాకెందుకు ఈ గొడవ అనుకున్నాను. పంపవలసిన కాగితంలో ఒక గడి ఉంది, అభిప్రాయం రాయమని. అందులో ‘నాలుగో నంబరు గొంతు కొత్త పద్ధతికి నప్పదు. చిన్న వయసు గొంతు తీసుకోండి’ అని రాశాను. లిస్టులో నాలుగో నంబరు మీద ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత కొట్టాను. సంతకం పెట్టాను.

పిల్లలూ, మన పనిలో అబద్ధం ఇలాగే ఉంటుంది. ఎవరూ కేకలు వేయరు, ఎవరూ తలుపులు విసరరు. చిన్న గడిలో ఒక వాక్యం రాస్తాం, ఒక మనిషి జీవితం అటునుంచి ఇటు జరుగుతుంది. మనం మాత్రం మధ్యాహ్నం భోజనానికి వెళతాం.

నేను ఆ రోజు భోజనానికి కూడా వెళ్ళలేకపోయాను. మర్నాడూ వెళ్ళలేదు. నాలుగోరోజు సుగుణకు చెప్పాలి, పిలిపించాను.

అద్దానికి లోపల

కింద థియేటర్‌కు వెళ్ళేసరికి ఆమె అప్పటికే లోపల, మైకు ముందు ఉంది. ఇంకేదో పాత ప్రోగ్రాంకు రెండు మాటలు చెప్పవలసి ఉంటే చెబుతోంది. నేను అద్దానికి ఇవతల ఖాదర్ భాయ్ పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకుంటున్నాను.

ఆమె ఫోన్ మోగింది. అలవాటుగా నా చెయ్యి నాబ్ మీదికి వెళ్ళింది. చెప్పడం ఇంకో నిమిషం వాయిదా పడిందన్న సంతోషంలో తిప్పడం మర్చిపోయాను.

"తిన్నవా బిడ్డా? ఏం కూర? జర పెరుగేసుకో. నేనొచ్చేదాంక ఆగకు, ఆకలైతది."

పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి పూర్తిగా విన్నాను. అదే గొంతు, కానీ నేను ఎన్నడూ మైకులో వినని గొంతు. హెలెన్ పుస్తకంలో రెండు వందల పేజీలు ఏ మనిషి కోసం రాశారో ఆ మనిషి అద్దానికి అవతల నిలబడి కూతుర్ని పెరుగేసుకోమంటోంది. ఆ మనిషినే నేను ఇంట్లో వదిలేసి రమ్మన్నాను.

చెప్పదలుచుకున్నదంతా మర్చిపోయి మైకు బటన్ నొక్కాను. "సుగుణా, మొన్నటి పరీక్ష స్క్రిప్టు అక్కడే ఉంది కదా, ఒకసారి ఇప్పుడు మాట్లాడినట్టు చదువుతావా?"

"వద్దు మేడమ్" అంది. "ఇంట్ల మాట ఇంట్లనే ఇడిసిపెట్టి రమ్మన్నరు గదా మీరు."

మొదటిసారి నాతో తన మాటలో అన్నది అది. కోపంగా కూడా అనలేదు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఖాదర్ భాయ్ లేచి ఏదో వైరు చూసుకుంటున్నట్టు అటు తిరిగాడు.

"తప్పయిపోయింది సుగుణా" అన్నాను. "ఆ రోజు అలా అనకూడదు. తర్వాత కూడా అన్నేళ్ళు ఊరుకోకూడదు. క్షమించు."

ఆమె అద్దంలోంచి నన్ను చూసింది. కాగితం చేతిలోకి తీసుకుని, జేబు లేని మనిషి కాబట్టి జడలో దోపుకున్న పెన్ను తీసి, గీతలు కొట్టడం మొదలుపెట్టింది. నా స్క్రిప్టు మీద, నాలాగే.

"గీ ‘నువ్వు’ ఎందుకు రాసినవ్ అక్కా?" అంది. మేడమ్ పోయింది, మీరు పోయింది. "ఇంట్ల ఎవరన్న నువ్వు తిన్నవా అంటరా? తిన్నవా అంటరు. నువ్వు అనేది కొట్లాటల. నువ్వు చేసినవ్, నువ్వు అన్నవ్ అని ఏలు పెట్టి చూపెడ్తం గదా, అప్పుడు. ప్రేమ ఉన్నకాడ నువ్వు ఎందుకొస్తది?"

భాష నా బతుకుతెరువు. ‘తిన్నావా’ అన్నాక అందులో ‘నువ్వు’ ఉండనే ఉందని, మళ్ళీ విడిగా పలికితే అది నిలదీయడమని, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లోనూ ఎవరూ అలా అనరు. ఇంగ్లీషులో ప్రతి వాక్యం ముందూ ఒక ‘యూ’ ఉందని, నేను ప్రతి వాక్యం ముందూ ఒక ‘నువ్వు’ పెట్టుకుంటూ పోయాను. ఆ పెద్దావిడ కోప్పడింది దానిమీద.

"ఉత్తగ తిన్నవా అనొద్దు" అంది మళ్ళీ. "పెద్దోళ్ళు ఉంటరు. తిన్నవా అక్కా అంటే ఎవ్వలకు కోపం రాదు." ఆ మాట కాగితం మీద రాసుకుని, తలెత్తింది. "లోపలికి రా అక్కా. అద్దం అవుతల కూసుంటివి, నేను గోడనా అడగాలె?"

పైకి పరిగెత్తి మూర్తిగారి కుర్చీ మోసుకొచ్చాను. సన్నటి గది, మైకు పక్కనే వేసుకుని కూర్చున్నాను, మోకాళ్ళు ఆమె చీర కుచ్చిళ్ళకు తగులుతున్నాయి. ఖాదర్ భాయ్ అవతలనుంచి చెయ్యి ఊపాడు.

ఆమె కాగితం చూడలేదు. నా మొహంలోకి చూసి అడిగింది.

"తిన్నవా అక్కా?"

నాలుగు రోజులుగా సరిగ్గా తినని మనిషిని. రికార్డింగు అని మర్చిపోయాను. "లేదు" అనేశాను.

ఆమె ఆగలేదు. స్క్రిప్టులో లేని మాట అంది. "దా, కూసో."

కూర్చునే ఉన్నాను. అయినా ఆ మాట వినగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సద్దిడబ్బా

ఆమె అప్పుడే డబ్బా విప్పింది. అన్నం, పచ్చిపులుసు, మామిడికాయ ముక్క. మూతలో నాకు పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక ఇక దాచలేక చెప్పేశాను. నీ గొంతు వద్దని రాసి పంపింది నేనే అని.

"ఎర్కే అక్కా" అంది. "బల్ల మీద లిస్టు పెట్టి పోయినవ్ మొన్న. నాలుగో నంబర్ మీద గీత ఉంది. నీ ఎర్ర పెన్సిల్ నాకు తెల్వదా?"

"మరి ఈ రోజు ఎందుకొచ్చావు?"

"పిలిస్తివి గదా." అన్నం కలుపుకుంది. "బాధైంది అక్కా. అబద్ధమెందుకు. మూడు దినాలు ఇంట్ల ఎవ్వలతోని మాట్లాడలే. గొంతు బాగలేదంటే సరే అందును. నీ మాట బాగలేక నా గొంతు బాగలేదని రాస్తివి. గది తప్పు."

"తప్పే."

"మల్ల రాయి. గట్ల కాదని రాయి. రాస్తవా?"

"రాస్తాను" అన్నాను. మూతలో మిగిలిన అన్నం తినేదాకా ఆమె నన్ను లేవనివ్వలేదు.

అదే సాయంత్రం రాశాను, ఆ కొత్త టేపు కూడా జతచేసి పంపాను. మర్నాటి కాల్‌లో అందరి ముందు హెలెన్ అడిగింది, "మొన్న గొంతు బాలేదన్నావు. ఇవాళ నీ అనువాదం బాలేదంటున్నావు. ఏది నిజం?"

"మొన్నది అబద్ధం" అన్నాను. "వాదించలేక రాశాను. నా పొరపాటు ఇంకొకరి మీద పెట్టాను."

అన్నేళ్ళ ఉద్యోగంలో అంత చిన్నతనంగా ఎప్పుడూ అనిపించలేదు. ఫరీదా ఒక్కతే మాట్లాడింది, మా దగ్గర కూడా మనిషి ఎదురైతే తిన్నావా అనే అడుగుతాం అని. హెలెన్ ఏదో రాసుకుని, "మళ్ళీ అదే హాలు, అదే మనుషులు. వాళ్ళు ఏది అంటే అది" అంది. ఒక మెలిక పెట్టింది. టేపులో ఆ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీ తీసేయాలి.

ఆ ఖాళీ నాది. ఖాదర్ భాయ్ నా ‘లేదు’ను తుడిచేశాడు కానీ, దాని చోటు మూయలేకపోయాడు. రెండు మాటలూ దగ్గరికి జరిపితే "తిన్నవా అక్కా దా కూసో" అని బస్సులో కండక్టర్ తోసినట్టు వినిపించింది. సుగుణతో మళ్ళీ చెప్పించాం, ఎన్నిసార్లు చెప్పినా ఆ మొదటిది రాలేదు. "హాల్లో విన్నాక తీస్తాను" అన్నాను హెలెన్‌తో.

హాల్లో

ఈసారి బొమ్మతో కలిపి టీవీలో వేశారు. పాతికేళ్ళ పిల్లల్లో బాగా చదివిన అమ్మాయి టేపు ముందు వచ్చింది. అందులోనూ ‘నువ్వు’లు తీసేశాం, బాగానే ఉంది. ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు. న్యాయంగా ఆ పిల్ల గెలిస్తే నేను ఏం చేయగలను?

తర్వాత సుగుణది.

"తిన్నవా అక్కా?"

ఖాళీ వచ్చింది. మొన్న లేచి కోప్పడిన పెద్దావిడ, కొంగు సర్దుకుంటూ, తెరవైపు చూసి, "తిన్నానమ్మా, ఇప్పుడే" అంది.

"దా, కూసో" అంది సుగుణ.

పక్కనున్నావిడ ఫక్కున నవ్వింది. పెద్దావిడ తను టీవీకి జవాబు చెప్పిందని అప్పుడు తెలుసుకుని తనూ నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ వేయమన్నారు. ఈసారి ముగ్గురు జవాబు చెప్పారు. ఒకరు "ఇంకా లేదే" అన్నారు.

హాల్లో తీసిన వీడియో చూశాక హెలెన్ ఖాళీ సంగతి ఎత్తలేదు. సుగుణ ఉండిపోయింది. ‘దా, కూసో’ మా ఛానల్ మాట అయిపోయింది, హోర్డింగుల మీద కూడా ఎక్కింది. కౌలాలంపూర్ వాళ్ళు ఆ ప్రశ్న తమ భాషలో చేసుకున్నారు. వార్సా ఆఫీసువాళ్ళు మాత్రం ‘ఇక్కడ ఎవరినైనా అలా అడిగితే భోజనానికి పిలుస్తున్నామనుకుని బయల్దేరతారు’ అని వద్దన్నారు. మా వల్ల జరిగిన పొరపాటు కూడా ఉంది. టైము సరిచూడకుండా పంపితే, ఇక్కడ ఒంటిగంటకు వచ్చే ఆ ప్రోమో దుబాయ్‌లో పొద్దున పదకొండున్నరకే వచ్చింది, పాపం అక్కడివాళ్ళు వారంపాటు ఆకలికి ముందే భోజనం మాట విన్నారు.

తిట్టిన ఉత్తరాలూ వచ్చాయి. టీవీలో ఇదేం భాష, పిల్లలు పాడైపోతారని. కొన్నేళ్ళ ముందైతే అలాంటి ఉత్తరం నేనే రాసేదాన్ని. అందుకని ప్రతిదానికీ కూర్చుని మర్యాదగా జవాబు రాశాను.

హారికకు

ఇదమ్మా సంగతి. నువ్వు ఫోన్లో అడిగింది ఇదే కదా, ఆ ఖాళీ పొరపాటా అని. పొరపాటే. నాది. ఒక మనిషి నోరు పదకొండేళ్ళు నొక్కి, ఆఖరికి ఆమె కడుపు కొట్టబోయి, ఆ మనిషే తిన్నావా అని అడిగితే నోటికొచ్చిన మాట ఉండే చోటది. కొత్త పేరు పెట్టండి, కొత్త రంగులు వేయండి, నాకేం పట్టింపు లేదు. ఏదో ఒకనాడు గొంతు కూడా మారుతుంది, మారనీ. సుగుణకే ఆ మాట చెప్పి, ఆమె ముందు కూర్చుని మార్చండి. కుర్చీ ఇంకా అక్కడే ఉంది, నేను తెచ్చుకోలేదు. అందులో మీ పిన్నిని ఒక్కదాన్నే కూర్చోబెట్టకు.

నేనిప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు టీవీ పెట్టుకుంటాను. ఇంట్లో ఆ వేళకు నేనొక్కదాన్నే, వడ్డించుకోవడానికి బద్ధకం. ప్రోమో వస్తుంది.

"తిన్నవా అక్కా?"

ఊళ్ళో అందరినీ అడుగుతోందని తెలుసు. కానీ మొదట అడిగింది నన్ను. ఆ ఒకటిన్నర సెకనులో నా ‘లేదు’ ఉండేది. ఇప్పుడు కంచం చేతిలో పట్టుకుని నిలబడి, "తింటున్నా సుగుణా" అంటాను.

"దా, కూసో" అంటుంది. కూర్చుంటాను.